సంతకం పెట్టని చెయ్యి

గడ్డిఅన్నారం,
4 నవంబర్ 2024, సోమవారం.

మట్టయ్య అన్నకు చెల్లె సుమిత్ర రాసేది.

నువ్వు, వదినె క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే నీకు తప్ప మీ వాడకట్టు మొత్తానికీ వినబడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఊరందరి ఉత్తరాలు పంచినవాడివి, ఇది చదవడం నీకు లెక్క కాదు. నాది ఐదో తరగతి రాత, జర సర్దుకో.

నిన్న పొద్దున ఒకామె మా గుమ్మం ముందు నిలబడి దోసిలితో దుమ్ము ఎత్తి పోసింది. పేరు నాగేశ్వరి. పండ్ల మార్కెట్ ఇక్కడినుంచి పోయిన తర్వాత కొత్తపేట రోడ్డు మీద బండి పెట్టుకున్నది. ఆమె బిడ్డ జ్యోతిక మన సౌజన్య పనిచేసిన దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్ కాలేజీలోనే చదువుతుంది.

"ఓ సుమిత్రమ్మా! నీ బిడ్డ సల్లగ పోయింది. నా బిడ్డ బతుకు మట్టిల కలిపి పోయింది. ఫారాలు బీరువల వెట్టుకొని నిద్రవోయిందా?" అని వాకిట్లోనే అరిచింది. ఇంటి ఓనరమ్మ మేడ మీదినుంచి చూస్తూ నిలబడింది.

సౌజన్య పోయి నలభై నాలుగు రోజులు. ఆ దుమ్ము నేనే ఊడ్చుకున్నాను.

సంగతేమిటంటే, ఆ కాలేజీలో నలభై ఆరు మంది పిల్లల పరీక్ష ఫారాలు గడువులోపల ఆఫీసుకు చేరలేదు. వాళ్లకు ఏడాది పోయింది. దానికి కాలేజీ చైర్మన్ గంగాధరరావు బోర్డు మీద నోటీసు అంటించాడు. "దివంగత సీనియర్ అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్ సౌజన్య నిర్లక్ష్యం వల్ల" అని. దివంగత అని ముందు ఒక పువ్వు పెట్టి, వెనక నుంచి ఈ పొడుపు.

నాకు తెలుసు అన్నా ఏం జరిగిందో. సెప్టెంబరు పదమూడు, శుక్రవారం, ఆఖరి తేదీ. ఫారాల మీద ఉండే పేర్ల పట్టీకి చైర్మన్ సంతకం కావాలి. ఆయన "పెడదాం లేమ్మా" అంటూ రెండు వారాలు జరిపాడు. ఆ రోజు సౌజన్యకు నూట మూడు జ్వరం. అయినా నీ కొడుకు శేఖర్ బండి మీద ఎల్‌బీ నగర్‌లో ఆయన ఉండే అపార్ట్‌మెంట్‌కు పోయింది. అక్కడ గణేశుని మండపం కాడ అన్నదానం. ఆయన పులిహోర వడ్డిస్తున్నాడట. "చేతులు చూడమ్మా, ఎంగిలి. రేపు చూద్దాం" అన్నాడట. ఆకులో కొంచెం పులిహోర కట్టి ఇచ్చాడట. అది తీసుకొచ్చి వంటింట్లో పెట్టి, "అమ్మా, సారు చెయ్యి కడుక్కోలే" అని పడుకుంది. తెల్లారి దవాఖాన. ఎనిమిది రోజులకు డెంగీ తీసుకుపోయింది.

ఈ మాట నేను చెబితే తల్లి కాబట్టి చెబుతుందంటారు. సౌజన్యకు నీలం అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఏ కాగితం ఎప్పుడు వచ్చింది, ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు పండుకుంది, అన్నీ అందులో రాసుకునేది. పదకొండో రోజు నువ్వు ఆమె చీర, కళ్లజోడు సంచిలో పెట్టుకున్నప్పుడు అది కూడా అందులోనే ఉంది. వెంటనే పంపు. రిజిస్టర్ చేసి పంపు.

నీ చెల్లె,
సుమిత్ర


మిర్యాలగూడ,
12-11-2024.

చెల్లె సుమిత్రకు అన్న మట్టయ్య దీవించి రాసేది.

నీ ఉత్తరం ఐదు రోజులకు చేరింది. కవరు మీద పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పు వేశావు. మా కాలంలో అయితే అది ఖమ్మం తిరిగి వచ్చేది. మీ వదినె మోకాలికి ఆకు కట్టు కడుతున్నాము. పత్తి ఈసారి కాయ పట్టలేదు.

సుమిత్రా, ఎట్లా చెప్పేది. ఆ పుస్తకం లేదు. అస్థికలతో పాటు వాడపల్లిలో కృష్ణలో కలిపాను. పోయినవాళ్ల చేతిరాత ఇంట్లో ఉంటే వాళ్లు మళ్లీ మళ్లీ ఆ కాగితం కాడికే వస్తారని మన నాయన అనేవాడు కదా. అమ్మ పోయినప్పుడు ఆమె పద్దుల కాగితాలు కూడా అట్లాగే కలిపాడు. పిల్ల అక్కరలు తీరి పోవాలని నేను కూడా చేశాను. లోపల ఇంగ్లీషు, నాకేం తెలుసు? అది ఆమెకు ఇష్టమైన పుస్తకం అనుకున్నాను.

జరిగింది జరిగింది. పోయినవాళ్ల మీద పడ్డ మాట గాలికి పోతుంది. బతికినవాళ్ల మీద పడితేనే నిలబడుతుంది. నువ్వు ఆ కాలేజీ మెట్లు ఎక్కకు. శేఖర్ అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ కొలువు ఇప్పించింది మన సౌజన్యే. ఆమె పెట్టిన దీపాన్ని నువ్వే ఊదకు. ఈ నెల గోంగూర తొక్కు వాడితోనే పంపిస్తాను.

నీ అన్న,
మట్టయ్య


గడ్డిఅన్నారం,
19 నవంబర్.

అన్నా,

తొక్కు ముట్టింది. మూత తీయలేదు.

కృష్ణలో కలిపావా? నా బిడ్డ పదకొండేళ్ల కష్టం ఒక పుస్తకంలో ఉంటే, ఇంగ్లీషు అని కలిపావా? ఊరికి వచ్చిన ప్రతి కార్డు నువ్వే చదివి వినిపించేవాడివి కదా. ఈ ఒక్కటి చదివించుకోవాలని నీకు తోచలేదా, లేకపోతే ఎవరో చదివి చెబితేనే కలిపావా? నాకు రెండోదే అనిపిస్తుంది.

నువ్వు వద్దన్నా కాలేజీకి పోయాను. మూడో అంతస్తు. లిఫ్టు కాడ వాచ్‌మన్ తిరుపతి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మేడం ఉన్నన్ని రోజులు ఈ ఆఫీసుల నా జీతం కాగితం ఒక్కసారి ఆగలే అమ్మా. గిప్పుడు రెండు నెలల్ల రెండుసార్లు పోయింది" అన్నాడు. అట్లాంటి మాట నాకు ఆ బిల్డింగులో అదొక్కటే దొరికింది.

లోపల సౌజన్య ఫోటో, పూసల దండ, కింద కరెంటు దీపం. గంగాధరరావు చేతులు జోడించుకుని వచ్చాడు.

"రండి అమ్మగారూ. మీ అమ్మాయి మా ఇంటి పిల్లండీ. సాక్షాత్తు లక్ష్మీదేవి. పాపం, ఆఖర్లో జ్వరం తలకెక్కి ఏదో మర్చిపోయింది. మేం మనసులో ఏమీ పెట్టుకోలేదండీ."

మనసులో పెట్టుకోలేదట! నోటీసు బోర్డు మీద పెట్టాడు. ఆ చేతులు చూశాను అన్నా. తెల్లగా, మెత్తగా, వేళ్లకు నాలుగు ఉంగరాలు. టీ ఇస్తే తాగలేదు.

"సంతకం నువ్వు పెట్టలేదు కదా సారూ" అన్నాను.

"అయ్యో, ఎవరు చెప్పారండీ? ఫారాలు ఆవిడ బీరువాలోనే దొరికాయి. మీ మేనల్లుడే తాళం తీశాడు. సాక్షి సంతకం కూడా చేశాడు" అని కాగితం చూపించాడు.

శేఖర్ సంతకం నేను గుర్తు పడతాను. చిన్నప్పుడు పలక మీద దిద్దించింది నేను.

వాడు ఎక్కడున్నాడో తెలుసా? ఆమె కుర్చీలో. ఆమె వెనక్కి వేసుకునే మెత్త మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "అత్తా" అని లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆమె రిజిస్టర్ మీద చాయ్ గ్లాసు మరక. ఫైళ్లు నేల మీద గుట్ట. ఆమె ఉన్నప్పుడు ఆ గదిలో కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసిన కాగితం దొరికేది. ఇంట్లో కూడా అదే కథ. మామిడికాయ జాడీకి తేదీ చీటీ అంటించేది. "ఊరగాయకు కూడా పుట్టినరోజు చేస్తావా ఏందే" అని నేను నవ్వేదాన్ని.

ఆమె పని ఏమిటని నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ అడగలేదు. టైపు కొడుతుంది అనుకున్నాం. ఆ సారు ఎవరికి ఏం మాట ఇచ్చాడో ఆమె గుర్తు పెట్టుకునేది. ఆయన కోపంలో చెప్పిన ఉత్తరాన్ని రాసి, ఒక రోజు తన దగ్గరే పెట్టుకుని, తెల్లారి "పంపేదా సార్" అని అడిగేది. సగం ఉత్తరాలు అక్కడే చచ్చేవి. దానితో ఎన్ని కొట్లాటలు తప్పాయో. పదిహేను మంది లెక్చరర్ల సెలవులు ఒకదాని మీద ఒకటి పడకుండా కుదిర్చేది. ఇంత చేసి ఆయన పేరు నిలబెడితే, ఆయన ఈమె పేరు తీశాడు. దానికి నీ కొడుకు సాక్షి.

ఛీ అన్నా. దుమ్ము పోసిన నాగేశ్వరి మీద కోపం వచ్చింది. మీ మీద కోపం కూడా రావడం లేదు, రోత పుడుతుంది.

సుమిత్ర


మిర్యాలగూడ,
28-11-2024.

సుమిత్రకు,

నీ ఉత్తరం మీ వదినెకు చదివి వినిపించలేదు. మొదటిసారి ఒక ఉత్తరం పైకి చదవకుండా మడిచి పెట్టాను.

పుస్తకం విషయంలో నువ్వు అన్నది అబద్ధం. మన అమ్మ మీద ఒట్టు. పదకొండో రోజుకు నాకు ఈ నోటీసు, ఈ సాక్షి సంతకం ఏమీ తెలియదు. నీళ్లలో వదిలేటప్పుడు ఆ పుస్తకం వెంటనే మునగలేదు, కొంత దూరం తేలుతూ పోయింది. పిల్ల పోవడం లేదని ఏడ్చాను. అది నువ్వు నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

సంతకం సంగతి దీపావళికి వచ్చినప్పుడు శేఖర్ చెప్పాడు. అది దాచాను. తప్పే. వాడు ఏమన్నాడంటే, "నాయినా, సారు నన్ను పిలిచి కాగితం ముందల పెట్టి, గిది పెడ్తె వదినె కుర్చీ నీది, పెట్టకుంటె గేటు అదిగో అన్నడు. వదినె ఎట్లనూ లేదు గదా" అన్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు. ఎల్‌బీ నగర్‌లో కిరాయి ఇల్లు. నేను తండ్రిని.

నీకు పగ ఉంటే నా మీద తీర్చుకో. వాడి కొలువు తీయించాలని తిరగకు. ఈ మాట అడగడానికి సిగ్గు పడుతున్నాను, అయినా అడుగుతున్నాను.

మట్టయ్య


గడ్డిఅన్నారం,
19 డిసెంబర్.

అన్నకు,

పుస్తకం మాట నమ్మాను. అది తేలుతూ పోయిందని రాశావు చూడు, అక్కడ నమ్మాను. అబద్ధం చెప్పేవాడు అంత దూరం చూడడు. నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

శేఖర్ కొలువు నాకెందుకు? ఆ కుర్చీ నెత్తిన పెట్టుకొమ్మను. నాకు కావలసింది నా బిడ్డ పేరు పక్కన ఉన్న ఆ ఒక్క మాట పోవడం.

పుస్తకం పోయింది కదా, ఏం చేయాలని వారం ఆలోచించాను. సౌజన్య ఒకటి అనేది, "అమ్మా, కాగితానికి రెండు దిక్కులుంటయి. మన దిక్కు పోయినా అవుతలి దిక్కు ఉంటది" అని. అయితే ఫారాలు తీసుకునే ఆఫీసులో అవుతలి దిక్కు ఉండాలి కదా? బస్సెక్కి పోయాను.

మొదటి రోజు పన్నెండున్నరకు పోయాను. కిటికీ మూశారు. రెండో రోజు పదింటికి పోతే ఒకాయన "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు, ఏ సెక్షన్" అని విసుక్కుని దేశమంత గదులు తిప్పాడు. మూడో రోజు సౌజన్య ఎట్లా పోయేదో గుర్తు తెచ్చుకున్నాను. పదిన్నరకు పోవాలి, అప్పటికి వాళ్ల చాయ్ అయిపోతుంది. అర్జెంటు అనే మాట అనొద్దు. ముందు పేరు అడగాలి. అట్లాగే పోయి, "అమ్మా, మీ పేరేంటి" అన్నాను. ఆమె తలెత్తింది. వేదవతి అట. రాజమండ్రి వైపు ఆమె, మలక్‌పేటలో ఉంటుంది. నేను సౌజన్య తల్లినని చెప్పగానే కలం కింద పెట్టేసింది.

"కూర్చోండి పిన్నిగారూ. సౌజన్య పోయిందా? ఎప్పుడండీ? నాకెవరూ చెప్పలేదే!" అని కళ్లు తుడుచుకుంది. "మా కౌంటర్‌కి రోజూ వందమంది వస్తారు. కట్టలు మా మీద విసిరేసి వెళ్తారు. ఆ పిల్ల మా రిజిస్టర్‌లో ఏ వరసుంటుందో ఆ వరసలోనే పేర్చి తెచ్చేది. మేం పేజీ వెనక్కి తిప్పక్కర్లేదు. వాపసిస్తే గొడవ పడదు. 'అక్కా, ఎందుకిస్తున్నారో రాసి, తేదీ వేసివ్వండి' అనేది. నేను చాదస్తం అనుకునేదాన్ని."

రిజిస్టర్ తీసి చూపించింది. అన్నా, ఉంది. సెప్టెంబరు అయిదున ఒకసారి, పదిన ఒకసారి, పదమూడున పొద్దున పదకొండుకు మూడోసారి. మూడుసార్లూ "చైర్మన్ సంతకం లేదు, వాపసు" అని వేదవతి రాత, కింద సౌజన్య పొట్టి సంతకం. పదమూడునాటిది వంకరగా ఉంది. జ్వరంలో చేసింది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

నకలు కావాలంటే దరఖాస్తు పెట్టమంది. నా రాతతో నేనే రాశాను. పదిహేను రోజులకు ముద్ర వేసి ఇచ్చారు.

పద్నాలుగో తారీఖు శనివారం కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు. నేను కూడా పోయి వెనక వరసలో కూర్చున్నాను. గంగాధరరావు మైకు పట్టుకుని మళ్లీ అదే కథ మొదలు పెట్టాడు. "మా దురదృష్టం కొద్దీ ఆ అమ్మాయి..." అంటున్నప్పుడు లేచాను. నకలు తీసి తేదీలు ఒక్కొక్కటే చదివాను. మైకు లేదు, అయినా అందరికీ వినబడింది.

"అమ్మగారూ, మనం లోపల కూర్చుని మాట్లాడుకుందాం రండి" అన్నాడు.

నాగేశ్వరి లేచింది. "లోపలికెందుకు సారూ? మా పిల్లలను లోపల ముంచలే గద, బైటనే ముంచినవ్. గీడనే చెప్పు. సంతకం పెట్టినవా, పెట్టలేదా?"

"చూడండమ్మా, ఆ రోజు దైవకార్యంలో ఉన్నాను. చేతులు ఖాళీ లేవు..."

"చేతులు ఖాళీ లేకుంటె కడుక్కోవాలె. నల్లా లేదా మీ ఇంట్ల?"

హాలంతా ఒక్కసారి అరిచింది. ఆయన మొహంలో సిగ్గు కోసం చూశాను అన్నా, నిజంగా వెతికాను. దొరకలేదు. ఎవరు అరుస్తున్నారో గుర్తు పెట్టుకుంటున్నాడు, అంతే. శేఖర్ తలుపు కాడ నిలబడి కిందికి చూస్తున్నాడు. మండపం కాడ కూడా వాడు అట్లాగే నిలబడి ఉంటాడు. ఆ రోజు బండి మీద తిరిగి వస్తూ, "వదినె, సారు సంతకం నీకు వస్తది గద, నువ్వే గీకెయ్" అన్నాడట. "పదకొండేండ్లల్ల ఒక్కసారి గీకలే, గిప్పుడు గీకుతనా" అన్నదట నా బిడ్డ. గీకి ఉంటే ఈ రోజు నలభై ఆరు మంది పరీక్ష రాసేవాళ్లు, ఆయన దేవుడిలాగే ఉండేవాడు. అది కూడా ఆలోచించాను. అయినా గీకకపోవడమే మంచిదయింది.

నోటీసు ఆ సాయంత్రమే తీసేశారు. తల్లిదండ్రులు ఆ నకలు పట్టుకుని పెద్దాఫీసులో అర్జీ ఇచ్చారు, విచారణ వేస్తామన్నారట. నేను గోడ మీది ఫోటో దించి చంకలో పెట్టుకుని వచ్చాను. వాచ్‌మన్ తిరుపతి కొక్కెం ఊడదీసి ఇచ్చాడు. నాగేశ్వరి మెట్ల కాడ జామకాయల సంచి చేతిలో పెట్టబోయింది. తీసుకోలేదు. ఆమెకు క్షమాపణ చెప్పడం రాదు, నాకు తీసుకోవడం రాలేదు.

సుమిత్ర


మిర్యాలగూడ,
23-1-2025.

చెల్లె సుమిత్రకు,

నెల రోజులు నీకు రాయలేదు. ఏ మొహంతో రాయాలో తెలియలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

విచారణకు పెద్దాఫీసువాళ్లు వచ్చారు. గంగాధరరావు కొత్త కాగితం తీశాడు. "నేను పదమూడు సాయంత్రం సంతకం పెట్టాను, ఫారాలు శేఖర్ చేతికిచ్చి ఆఫీసుకు పంపాను, అతను ఇవ్వకుండా తెచ్చి బీరువాలో పెట్టి, చనిపోయినామె మీద తోశాడు" అని. పట్టీ మీద ఇప్పుడు ఆయన సంతకం ఉందట. ఎప్పుడు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి. బీరువా తాళం తానే తీశానని శేఖర్ ముందే రాసిచ్చాడు కదా, ఆ కాగితమే ఇప్పుడు వాడి మెడకు చుట్టుకుంది. నోటీసు బోర్డు మీద ఇప్పుడు వాడి పేరు ఉంది.

వాడు పిల్లలను తీసుకుని ఇక్కడికి వచ్చి పడుకున్నాడు. అన్నం తినడు. "వదినె దవాఖానల వడ్డంక ఫారాలు సారే తన కారుల పెట్టమన్నడు నాయినా. వారం తర్వాత కవర్ల పెట్టి ఇచ్చి బీరువల పెట్టమన్నడు. నేనే పెట్టిన" అని నిన్న చెప్పాడు. ఇన్ని రోజులు ఈ మాట నాకు కూడా చెప్పలేదు.

పోయినవాళ్ల మీద పడ్డ మాట గాలికి పోతుందని నీకు రాశాను. ఆ కార్డు నాకే తిరిగి వచ్చింది. నువ్వు నా మొహం చూడకు. కానీ వాడికి ఏం చేయాలో చెప్పు. మాకు ఆఫీసులు తెలియవు.

మట్టయ్య


గడ్డిఅన్నారం,
30 జనవరి 2025.

మట్టయ్య అన్నకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతోషం కలుగుతుందేమో అని చూశాను. కలగలేదు. ఒకటే రోత. ఆయన మీద, నీ కొడుకు మీద, వాడిని చూసి "మంచిగయింది" అనుకోబోయిన నా మనసు మీద.

శేఖర్‌ను సోమవారం పొద్దున మొదటి బస్సుకు పంపు. వదినెను వద్దు, నువ్వు వద్దు, వాడొక్కడే. వచ్చేటప్పుడు తెల్ల కాగితాలు తెచ్చుకొమ్మను. ఫారాలు కారులో ఎవరు పెట్టమన్నారు, బీరువాలో ఎవరు పెట్టారు, సాక్షి సంతకం ఎవరు అడిగితే చేశాడు, తేదీలతో సహా తన చేత్తో రాయాలి. "నాకు కొలువు ఆశపెడితే చేశాను" అనే ముక్క కూడా రాయాలి. అది వదిలేస్తే మిగతాది ఎవరూ నమ్మరు. ఏడ్చుకుంటూ రాసినా సరే, అక్షరం అర్థమైతే చాలు.

ఆ సంతకం సంగతి కూడా చూద్దాం. పదమూడు సాయంత్రమే పెట్టినవాడు నలభై ఆరు మంది పిల్లల తల్లిదండ్రుల ముందు "చేతులు ఖాళీ లేవు" అని ఎందుకన్నాడు? ఆ మాట విన్నవాళ్లను నేను పిలుస్తాను. నాగేశ్వరి ముందు వస్తుంది. ఆమెకు నాతో మాటలు లేవు, అయినా వస్తుంది.

పదిన్నరకు పెద్దాఫీసులో నేను వాడి పక్కన నిలబడతాను. అబద్ధం ఒక్కటి రాసినా అక్కడే వదిలేసి వస్తాను. వాడు నా మేనల్లుడని కాదు నిలబడేది. ఒకరు చేసిన పాపం ఇంకొకరి పేరు కింద ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు, అది ఎవరి పేరైనా.

పొద్దున తినకుండా వస్తాడు కాబట్టి అన్నం పెడతాను. తినేటప్పుడు నాతో మాట్లాడొద్దని చెప్పు.

నీ చెల్లె అని రాద్దామని కలం పెట్టాను. ఈసారికి కాలేదు.

సౌజన్య తల్లి,
సుమిత్రమ్మ